నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర

పీణ్యా సెకండ్ స్టేజిలో
ప్రెస్సు షాపుల వాళ్లకి చెవులు పరీక్ష చేయడం నా ఉద్యోగం.
వ్యాను వెనకాల చిన్న గది, లోపలంతా నల్ల స్పాంజి,
తలుపేస్తే మనిషికి తన గుటక తనకే వినిపిస్తుంది.
"కూత వినపడగానే బటన్ నొక్కండి" అంటాను
తెలుగులో, కన్నడంలో, వచ్చీరాని ఒడియాలో.
చాలామంది నొక్కరు.
కూత వెళ్లిపోయాక, మర్యాద కోసమన్నట్టు, ఒకసారి నొక్కుతారు.

శనివారం రాత్రుళ్లు మాత్రం
లింగరాజపురంలో టైల్స్ కొట్టు కింద నేలమాళిగలోకి దిగుతాను.
మెట్ల మీద తడి సిమెంటు వాసన.
ఇరవై మందిమి. మరీ ఎక్కువైతే ముప్పై.
శరావతి బల్ల మీద పెడళ్లు, పాత గ్రైండరు,
తుప్పు పట్టిన స్కూటర్ స్ప్రింగు.
దానికి రూపాయి బిళ్లంత మైకు అతికించి వేలితో మీటుతుంది
(మీటడం అంటే వీణ గుర్తొస్తుంది కాబోలు, వద్దు)
నీళ్ల ట్యాంకరు వెనక్కి వెనక్కి వచ్చి
పక్కటెముకలకి ఆనుకున్నట్టుంటుంది.
ఆనుకొని, ఇంకా వస్తూనే ఉంటుంది.

ఇందులో ఏముందే అంటారు.
మా ఓనరమ్మ గోడవతల నుంచి "మిక్సి కెట్టోగిదెయా?" అంది,
పాపం, వెటకారం కాదు,
తన మిక్సీ పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

ఏముందో నాకూ తెలీదు.
పాటైతే ఎవరినో ఒకరిని తలుచుకోమంటుంది.
ఇది నన్నేమీ అడగదు.
పది నిమిషాలు ఓపిక పడితే రొద పొరలు పొరలుగా విడుతుంది,
అడుగున మూలుగు, మూలుగు మీద ఇసక,
ఇసకలో ఎక్కడో ఎవరో గిన్నె దించిన చప్పుడు.
అది నా ఒక్కదానికే వినపడిందని
కాస్త పొగరు కూడా.

మార్చిలో ఓబులేసు వచ్చాడు.
కదిరి పక్క పల్లె, వంద టన్నుల ప్రెస్సు, పంతొమ్మిదేళ్లు.
కాగితం మీద గీత చక్కగా నడిచొచ్చి
నాలుగు వేల దగ్గర గోతిలో పడింది.
"నిద్దట్లో గూడా కూస్తా ఉంటాది మేడం,
ప్రెస్సు ఆపొచ్చు, దాన్ని ఆపేదానికి కాదు."
ఎట్లుంటుందని అడిగాను. ఫారంలో ఆ ప్రశ్న లేదు.
కళ్లు మూసుకొని, పళ్ల సందుల్లోంచి
ఊపిరి అయిపోయేదాకా పట్టాడు ఆ కూతని.
ఒళ్లు జలదరించింది.
బాగుంది అనబోయి నాలిక కరుచుకున్నాను.

నేను మూడొందల యాభై ఇచ్చి దిగుతాను,
చాలనిపిస్తే పైకొచ్చి టీ తాగుతాను.
ఆయనకి మెట్లు లేవు.
ఈ మాట రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను.

ఆ వారమే శరావతి కొత్తది వినిపించింది,
పీణ్యాలో గోడ బయట నిలబడి రికార్డు చేసిందట.
అందరూ కళ్లు మూసుకొని ఊగుతున్నారు.
ధన్. ధన్. ధన్.
దెబ్బకీ దెబ్బకీ మధ్య సందుంది,
ఆ సందులో ఒక చెయ్యి లోపలికెళ్లి రేకు తీసుకొని రావాలి.
నలభై నిమిషాలు
చెయ్యి బయటికొచ్చిందా, వచ్చిందా అని
నా చేతులు జేబుల్లో పెట్టుకునే నిలబడ్డాను.
చివర్లో చప్పట్లు కొట్టాను, గట్టిగానే.
శరావతికి ఇదేమీ చెప్పలేదు.
కేసెట్టు మాత్రం కొన్నాను, రెండు.

నిన్న భోజనాలయ్యాక వ్యాను ఖాళీ.
సరదాకి నేనే గదిలో కూర్చున్నాను, మునెప్ప బయట నాబు తిప్పుతున్నాడు.
స్పాంజి. గుటక. రక్తం నడిచే చప్పుడు.
ఇంకా మొదలెట్టలేదేమో అనుకుంటున్నా.
అద్దంలోంచి చూస్తే
మునెప్ప నా వైపే చూస్తున్నాడు
కనుబొమలెత్తి,
బటన్ వైపు వేలు చూపిస్తూ.

ఒకసారి నొక్కాను.